గోపమ్మ సమ్మె

కోదాడ బస్టాండు పక్కన మిరపకాయ బజ్జీలు వేసే గోపమ్మ నెలకోసారి బండి మూసి సూర్యాపేట పోయి వస్తుంది. అక్కడి మార్కెట్లో బజ్జీకాయ చవక అని వీధిలో చెప్పుకుంటుంది. ఆ అబద్ధాన్ని బతికించడానికి ప్రతిసారీ ఓ సంచి కాయ మోసుకొస్తుంది. అది కోదాడ ధర కన్నా ఎక్కువే పడుతుంది. అబద్ధాలు ఎప్పుడు చవగ్గా దొరికాయి గనక?

నిజానికి ఆమె పోయేది అక్కడి సర్కారు దవాఖానలో ఇచ్చే హెచ్‌ఐవి మందులకు. లారీ తోలే మొగుడు చస్తూ చస్తూ ఆమెకు ఇచ్చిపోయిన ఆస్తి అదొక్కటే. మిగతా ఆస్తిలో అతని అన్నదమ్ములు వాటా అడిగారు గానీ దీన్లో ఎవరూ అడగలేదు. పదిహేనేళ్లుగా ఒక్క పూట మాత్ర తప్పించకుండా, పూజారి దీపం పెట్టినంత నిష్ఠగా బతికింది. ఒంట్లో వైరస్ పరీక్షకు కూడా దొరకనంతగా అణిగిపోయిందని డాక్టరు చెప్పిన రోజు గిరాకీలందరికీ ఒక్కో బజ్జీ ఎక్కువేసింది. ఎందుకో చెప్పలేదు.

ఈ జబ్బున్నవాళ్లు సొంతూళ్లో మందులు తీసుకోరు. కోదాడవాళ్లు, మిర్యాలగూడవాళ్లు సూర్యాపేటకు వస్తారు, సూర్యాపేటవాళ్లు ఇంకెక్కడికో పోతారు. దొంగతనం చేసినవాళ్లలా ఊళ్లు మారుతుంటారు. దొంగతనం చేసినవాళ్లు మాత్రం సొంతూళ్లోనే వార్డు మెంబరుకు నిలబడతారు. మందుల వరసలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. లోపల ఉన్నంతసేపు అక్కా, అన్నా అని పిలుచుకుంటారు. గేటు దాటితే నువ్వెవరో నేనెవరో.

ఆ నెల కౌన్సెలర్ మాధవి వరసలో అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇకనుంచి మందులకొచ్చే ప్రతి ఒక్కరికీ ఆర్నెల్లకోసారి సుఖవ్యాధుల పరీక్ష చేస్తాం. సిఫిలిస్‌కు కాస్త రక్తం తీస్తాం. ఆడ, మగ, ముసలి, పడుచు, అందరికీ."

గోపమ్మ ముందుకొచ్చింది.

"సుఖవ్యాధా? సుఖమంటె ఎట్లుంటదో ఎరగనిదానికి వ్యాధి యాడికెల్లి వస్తది మేడం?"

వరసంతా గొల్లుమంది. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. ఒకసారి నలుగురూ నవ్వితే మనిషి ఇంకో రెండు మాటలు ఎక్కువ మాట్లాడతాడు.

"అనుమానంతో కాదమ్మా, అందరికీ చేసేదే" అంది మాధవి.

"అందరి మీద పడితె అనుమానం కాకుండ పోతదా? మొగుడు పోయినకాడికెల్లి నా మీద మగోని నీడ పడలె. నాకు గా సూది గుచ్చాల్నంటె నా పీనుగకు గుచ్చుకోండ్రి!"

"అక్క చెప్పింది కరెక్టే, మేమియ్యం" అంది తిరుమలగిరి నుంచి వచ్చే శ్యామల. ఆడవాళ్లంతా కొంగులు బిగించి నేల మీద కూర్చున్నారు. మాధవి తలపట్టుకుంది. ఆ రోజుకు ఆడవాళ్ల రక్తం ఒక్క చుక్క కూడా రాలలేదు. జీవితంలో మొదటిసారి గోపమ్మ ఒక నాయకురాలైంది.

మగవాళ్ల వరసలో వీరేందర్ చొక్కా చెయ్యి మడిచి, రక్తమిచ్చేసి, దూదితో మోచెయ్యి నొక్కుకుంటూ గోడకేసి చూస్తున్నాడు. అతను మిర్యాలగూడ రైస్ మిల్లులో లారీ డ్రైవరు. పెళ్లాం పోయింది. అతనికీ ఇదే జబ్బు. రెండేళ్లుగా ఆదివారాలు కోదాడలో గోపమ్మ ఇంట్లో అన్నం తింటున్నాడు. అన్నంతోనే ఆగే వయసు కాదు ఇద్దరిదీ. ఇంటి ఓనరమ్మకు మాత్రం అతను నడిగూడెం నుంచి వచ్చే మేనబావ. వరసలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

వారం తిరక్కుండా, పనిరోజున, సాయంత్రం గిరాకీ మంచి ఊపు మీదుండగా వీరేందర్ బజ్జీల బండి ముందు ప్రత్యక్షమయ్యాడు. గోపమ్మ ఎవరో అన్నట్టు ప్లేటు చేతికిచ్చింది. అతను జనం తగ్గాక మాట్లాడదామని తిన్నాడు. జనం తగ్గలేదు. ఇంకో ప్లేటు తీసుకున్నాడు. ఆమె చేతి బజ్జీలంటే కోదాడలో జనం అంత తేలిగ్గా కదలరు. మూడో ప్లేటుకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమయ్యా, ఇంటికాడ అన్నం వండరా?" అంది అందరూ వినేలా.

"నూనె డబ్బా దించాల్నా?" అన్నాడతను.

ఆమెకు అర్థమై బండి వెనక్కి నడిచింది.

"పరీక్షల తేలింది" అన్నాడు.

"ఏందది?"

"సిఫిలిస్."

జల్లిగరిటె పైకి లేచింది. "ఎవతె?"

"నీ తోడు, ఎవతె లేదు. ఎప్పటిదో పాతది కావొచ్చన్నది మేడం. ఏండ్లకేండ్లు పైకి కనపడకుండ లోపలనే ఉంటదంట. నీకెవరన్న ఉంటె తీస్కరమ్మన్నది."

"నా పేరు చెప్పినవా?"

"చెప్తనా? ఎవ్వరూ లేరన్న. నీకు చెప్పేదాక సూది గూడ ఏయించుకోలె. లేకుంటె మంచిదే అన్నది. ఉంటె మాత్రం ఆమెకు సూది ఏయకుంటె మల్ల నీకే వస్తది, మనసొంటోళ్లకు కండ్లకో మెదడుకో ఎక్కే భయం ఎక్కువ అన్నది."

"ఇద్దరికీ ఉన్నదేనాయె, ఇంకేం కొత్తగ అంటుకుంటదని నువ్వే అంటివి!"

"నువ్వు గూడ ఊ అంటివి!"

"బజ్జీలు మాడిపోతున్నాయమ్మో!" అని ముందువైపు నుంచి ఎవరో అరిచారు.

ఆ రాత్రికి కోపం దిగి భయం ఎక్కింది. పదిహేనేళ్లు ఒక జబ్బును గొలుసేసి కట్టి, ఇంకో జబ్బుకు తలుపు తీసిపెట్టిందా? పరీక్ష చేయించుకోవాలి. కానీ సూర్యాపేటలో ఏ ముఖంతో? తన పీనుగ కూడా ఇంకా తయారు కాలేదు. చివరికి వీరేందర్ తప్ప తనను ఎవరూ ఎరగని మిర్యాలగూడలో ఒక ప్రైవేటు ల్యాబుకు పోయింది. ముఖానికి స్కార్ఫు చుట్టుకుంది. పేరు అడిగితే వాకిట్లో ఆగి ఉన్న ఆటో వెనక కనపడ్డ పేరు చెప్పింది. రచన.

రక్తమిచ్చి బెంచీ మీద కూర్చుంది. పక్కన ఇంకొకామె, ఆమెకూ స్కార్ఫే. కాసేపటికి ల్యాబతను "రచన!" అని పిలిచాడు. ఇద్దరూ లేచారు. ఒకరినొకరు చూసి ఇద్దరూ కూర్చున్నారు. అతను మళ్లీ పిలిచాడు. ఇద్దరూ మళ్లీ లేచారు.

"ఏ రచనమ్మా? ఒకరు నల్ల చెప్పులు, ఒకరు ఎర్ర చెప్పులు, చెప్పులు చూసి ఇయ్యాల్నా?" అన్నాడతను విసుగ్గా.

ఆ ఎర్ర చెప్పులు గోపమ్మ ఎక్కడో చూసింది. సూర్యాపేట నేల మీద, సమ్మెలో.

"నువ్వు శ్యామలవు గదనే?"

"నువ్వా లీడరక్కవు?"

కట్టుబాటు ప్రకారం ఇద్దరూ తల తిప్పుకోవాలి. తిప్పుకోలేకపోయారు. స్కార్ఫులు జారేదాకా నవ్వారు.

"సమ్మె చేస్తివి, ఈడికెట్ల వస్తివే?"

"నువ్వు చెయ్యమంటె చేస్తిని. ఇంటికి పోయినంక భయమైందక్కా. నీకేం, నీ మీద నీడ గూడ పడలేదాయె. నువ్వెందుకొస్తివి?"

గోపమ్మ తన నల్ల చెప్పులకేసి చూసింది.

శ్యామలకు ఏమీ లేదని వచ్చింది. గోపమ్మకు ఉందని వచ్చింది. "మందు మేమియ్యం, మీరు ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి పోండి" అన్నాడు ల్యాబతను. శ్యామల ఆమె చెయ్యి పట్టుకుని బస్సు దాకా వచ్చింది. 

ఇక దారి ఒక్కటే. మాట నిలబెట్టుకుంటే కళ్లు పోతాయి, కళ్లు కాపాడుకుంటే మాట పోతుంది. కోదాడలో ఆమె బజ్జీల గోపమ్మ, అత్తారింట్లో మొగుణ్ని మింగిన ఆడది. ఆమె మాటకు లేచి కూర్చునే మనుషులు భూమ్మీద ఆ వరసలోనే ఉన్నారు. ఆ వైభవానికి నెల కూడా నిండలేదు. మాధవి చెవిలో మెల్లగా చెప్పి పని కానిచ్చుకుందామని మందుల రోజున బస్సెక్కింది.

వరసలో ఆమెను చూడగానే ఆడవాళ్లు లేచి దారిచ్చారు. "వచ్చినవా అక్కా! పొద్దటికెల్లి మేమెవ్వరం ఇయ్యలె" అన్నారు. గోపమ్మ వాళ్లను ఒక్కొక్కరినే చూసింది. వాళ్లలో ఎందరి ఒంట్లో ఏం దాక్కుని ఉందో! తన మాట విని కూర్చున్నారు.

మాధవి గదికి తలుపు లేదు, పరదా ఉంది. లోపలికి పోయి ల్యాబు కాగితం చేతిలో పెట్టి స్టూలు మీద కూర్చుంది.

"అమ్మా, ఇది మన ఇద్దరి మధ్యే ఉంటుంది. మీకెవరైనా ఉన్నారా?" అంది మాధవి గొంతు తగ్గించి.

గోపమ్మ కూడా తగ్గిద్దామనే నోరు తెరిచింది. బస్టాండులో హారన్లను మించి బజ్జీలు అమ్మిన గొంతు అది. దానికి తగ్గడం అలవాటు లేదు.

"ఉన్నడు మేడం!"

పరదా అవతలి వరసంతా విన్నది. గోపమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత లేచి, పరదా తనే పక్కకు లాగేసింది.

"ఉన్నడు. అగో, బాలింతల కాగితం గంటసేపటికెల్లి సదువుతున్నడు సూడు, ఆయనే. ఆయనకు తేలింది, నాకూ తేలింది. నేను మీ అందరికీ అబద్ధం చెప్పిన. మీకు నా మీద కోపమొస్తె తిట్టుండ్రి, గానీ రక్తమిచ్చినంక తిట్టుండ్రి."

వీరేందర్ గోడ మీది బాలింతల పోస్టరు వదిలి నేలకేసి చూశాడు.  వెనకనుంచి ఒక ముసలామె అంది:

"ఉంటె ఉన్నడు గానీ, ఇంత సక్కనోన్ని ఇన్ని దినాలు గోడకు ఆనిచ్చినవా పిల్లా!"

నవ్వులు మొదలయ్యాయి. మే నెల ఎండలో మంకీ క్యాప్‌తో ముఖం దాచుకొచ్చిన ఒక ధాన్యం షావుకారు దగ్గి, "నాది కూడా తీసుకో అమ్మా" అని చెయ్యి చాపాడు. శ్యామల అతన్ని పక్కకు నెట్టి "ఆడోళ్లది ముందు" అంది.

వారానికొకటి చొప్పున మూడు వారాలు సూదులన్నాడు డాక్టరు. పిరుదులకు వేసే ఆ సూది చిన్నది కాదు. మొదటిది వేయించుకుని గోపమ్మ, వీరేందర్ కోదాడ బస్సెక్కారు. సగం సీట్లు ఖాళీ. ఇద్దరూ కడ్డీ పట్టుకుని పక్కపక్కనే నిలబడ్డారు.

"నీ మొగనిదే అయ్యుంటది" అన్నాడు వీరేందర్ గొణుగుతూ.

"సచ్చినోన్ని అనకు. నీ లారీ తిరగని దాబా ఉన్నదా?"

"దాబాల తిన్నది పప్పు."

"పప్పుకు వస్తదా ఇది?"

కండక్టరు వచ్చాడు. "కూసోండ్రి, ఇన్ని సీట్లున్నయ్."

"మాకు నిలవడుడే సుఖం" అంది గోపమ్మ.

"ఇద్దరు ఒక్కటేనా?"

వీరేందర్ అలవాటుగా కిటికీకేసి తల తిప్పాడు. గోపమ్మ అతని చొక్కా పట్టి ఇటు లాగింది.

"ఒక్కటే. నాకు ఆడోళ్ల ఫ్రీది, జీరో టికెట్ కొట్టు. ఆయన టికెట్టుకు పైసలు ఆయన కాడ తీస్కో."