బజరు చెప్పిన బరువు

పీపా ఎంత లావో చెప్పడానికి తూకం అక్కర్లేదు. అతను లిఫ్టులో అడుగు పెడితే లోపలున్న ముగ్గురూ మర్యాదగా బయటికొచ్చి, "మేం తర్వాత వస్తాంలెండి" అనేవారు. తుమ్మితే సంచిలో స్పానర్లు గలగలమనేవి. ఇందులో సగం కోతలే అనుకున్నా, మిగతా సగం అతని భార్య కూడా ఒప్పుకుంటుంది.

విచిత్రమేమిటంటే అతని బతుకంతా లిఫ్టులతోనే. ఇరవై రెండేళ్లుగా ఒకే కంపెనీలో మెకానిక్కు. లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయి జనం లోపల చిక్కుకుపోతే వెళ్లి బయటికి తీసుకొచ్చే జట్టులో అతను, అతని జోడీ కొలబద్ద. కొలబద్ద పక్కకి తిరిగి నిలబడితే సూపర్‌వైజరు ఆబ్సెంటు వేసేవాడు. అంత సన్నం.

నిరుడు ఒక పదకొండంతస్తుల భవనంలో లిఫ్టు ఆగిపోయింది. లోపల ఇద్దరు ఆడవాళ్లు, గొడుగు పట్టుకున్న ఒక ముసలాయన. లిఫ్టు డబ్బా పైకప్పులో చిన్న తలుపుంటుంది. ఒక పక్క నలభై సెంటీమీటర్లు, ఇంకో పక్క యాభై. మామూలు తలుపులు తెరుచుకోనప్పుడు జట్టువాళ్లు పై అంతస్తు నుంచి డబ్బా మీదికి దిగి, ఆ కంతలోంచి లోపలికి పోవాలి. పీపా ముందు కాళ్లు దింపాడు. తొడలు దిగాయి. పొట్ట దగ్గర ఆగిపోయాడు. కిందికీ పోడు, పైకీ రాడు.

"నాయనా, లోపలికొస్తున్నావా, బయటికి పోతున్నావా? ఏదో ఒకటి తేల్చు" అంటూ ముసలాయన కింద నుంచి గొడుగుతో బూటు మీద కొట్టాడు.

కొలబద్ద సబ్బునీళ్లు పోసి పైకి లాగేసరికి నలభై నిమిషాలైంది. భవనంలో వాళ్లంతా వచ్చి తొంగి చూసిపోయారనీ, ఒకావిడ కుర్చీ కూడా తెచ్చుకుందనీ కంపెనీలో నెలల తరబడి చెప్పుకుని నవ్వారు. పీపా అందరికన్నా గట్టిగా నవ్వాడు. అక్కడ తనకేమైందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఊపిరి వదిలినప్పుడల్లా ఒళ్లు కాస్త కిందికి జారేది, ఇనుప అంచు ఇంకాస్త పైన బిగిసేది. మళ్లీ పీల్చడానికి చోటుండేది కాదు. పన్నెండో నిమిషంలో అతను తన చావుని చూశాడు. అది నల్లగా, గ్రీజు వాసన కొడుతూ, ముఖానికి జానెడు దూరంలో ఉంది.

ఆ రోజు నుంచి బనియను తల మీంచి దింపుకునేటప్పుడు మెడ దగ్గర ఒక్క క్షణం ఆగితే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. రెండు చేతులా పట్టి చింపేసేవాడు. ఒక్క నెలలో మూడు చింపాడు.

"ఏమండీ, నేను కొంటున్నది బనియన్లా, తుడుపు గుడ్డలా?" అంది భార్య.

"పాతబడ్డాయిలే" అన్నాడు. ఆ తర్వాత బొత్తాల చొక్కాలు తప్ప ఇంకేమీ తొడగలేదు.

ఒళ్లు నొప్పులని చెప్పి ఒక వారం, లిఫ్టుల్లో చిక్కుకున్నవాళ్ల పిలుపులందుకునే ఫోను బల్ల దగ్గర కూర్చున్నాడు. మూడో రోజున ఏదో లిఫ్టులోంచి ఒకామె, "అయ్యా, గాలాడటం లేదు, ఎవరైనా రండి" అని ఏడ్చింది. ఆ గొంతులో ఉన్నదేమిటో పీపాకి అంగుళం అంగుళం తెలుసు. తెలిసీ కుర్చీలో కూర్చుని, "వస్తున్నారమ్మా" అంటూ ఉండటం తప్ప చెయ్యగలిగిందేం లేదు. ఆ వారం కన్నా కంతే నయమనిపించింది. కంతని తలుచుకుంటే బల్లే నయమనిపించింది.

సరిగ్గా అప్పుడే నోటీసు అంటించారు. మూడు నెలల్లో పరీక్ష. జట్టులో ప్రతివాళ్లూ పైకప్పు తలుపులోంచి రెండు నిమిషాల్లో లోపలికి దిగాలి. దిగలేనివాళ్లు శాశ్వతంగా ఫోను బల్లకి.

సామాన్ల గది చూసుకునే స్టోరు అక్క అతన్ని చూసి కళ్లజోడు పైకి తోసుకుంది. ఆమెకి యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

"ఏం తమ్ముడూ, మొహం సున్నం కొట్టినట్టుంది?"

"ఏం లేదక్కా."

"ఏం లేనివాడివి నట్లు తీసుకుని వెళ్లక, డబ్బా ఖాళీగా పట్టుకుని పావుగంట నుంచి నిలబడ్డావేం?"

ఉక్కు తాళ్ల చుట్టల మధ్య స్టూలు మీద కూర్చుని, పీపా ఆ పన్నెండో నిమిషం సంగతి మొదటిసారి బయటపెట్టాడు. అక్క నవ్వలేదు. కొలబద్దని పిలిపించింది. వాడూ నవ్వలేదు. నవ్వకపోయేసరికి పీపాకి ఇంకా భయమేసింది.

"రేపట్నుంచి డ్యూటీకి ముందు మెట్లు. మన భవనం పద్నాలుగంతస్తులూ, ముగ్గురమూ" అంది అక్క.

"నీ మోకాళ్లో?"

"నావి నేను మోస్తాను. నీ పొట్ట నువ్వు మోసుకో."

లిఫ్టు కంపెనీవాళ్లే ముగ్గురు పొద్దున్నే మెట్లెక్కి పోతుంటే వర్క్‌షాపు భవనం వాచ్‌మన్ గుడ్లప్పగించి చూశాడు. మూడో రోజుకి అతనూ లిఫ్టు ఎక్కడం మానేశాడు. వీళ్లకి తెలిసింది తనకి తెలియదేమోనని అతని భయం.

పీపాకి ఏడో అంతస్తు దగ్గర గుండె చెవుల్లోకి వచ్చేది. కళ్ల ముందు చుక్కలు. గోడకి ఆనుకుని మణికట్టు పట్టుకుని, కొట్టుకుంటోందా ఆగిందా అని లెక్కపెట్టుకునేవాడు. ఫోనులో భార్య నంబరు తెరిచి పెట్టుకునే ఎక్కేవాడు.

"అక్కా, ఇక్కడే పోయేట్టున్నాను."

"ఇంకొక్క అంతస్తెక్కి పో. ఇక్కడ బల్బు లేదు, నిన్ను వెతుక్కోవాలి."

"ఒరేయ్, నువ్వు పోతే దింపేదెవర్రా? నా వల్ల కాదు" అనేవాడు కొలబద్ద, రొప్పు కూడా లేకుండా.

బరువు చూసుకోవడమే పెద్ద చిక్కైంది. ఒకసారి క్లినిక్కులో నర్సమ్మ అతని అంకె ఎదురుచూసే జనమంతా వినేలా చదివిందట, ఇక తూకం యంత్రమంటేనే అతనికి దడ. అందుకని లిఫ్టువాళ్లకే తట్టే ఉపాయం ఒకటి కనిపెట్టారు. వర్క్‌షాపులో పరీక్షలకి వాడే లిఫ్టుంది. లోపల బరువు నాలుగు వందల కిలోలు దాటితే బజరు మోగుతుంది. పీపాని డబ్బాలో నిలబెట్టి, ఇరవై కిలోల ఇనుప దిమ్మలు, కిలో బిళ్లలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోవాలి. బజరు మోగేదాకా ఎంత ఇనుము పట్టిందో నాలుగు వందల్లోంచి తీసేస్తే పీపా మిగులుతాడు. మొదటి రోజు పద్నాలుగు దిమ్మలు, నాలుగు బిళ్లలు పట్టాయి. ఐదో బిళ్లకి మోగింది. నూట పదహారు.

వారం వారం బిళ్లలు పెరిగాయి. బిళ్లలు పెట్టే పని కొలబద్దది, రాసుకునే పని అక్కది. పీపా ఇంట్లో రెండో వడ్డన మానేశాడు. బిస్కెట్ల డబ్బా తాళంచెవి భార్యకిచ్చి, ఆ తాళంచెవి కోసం రెండు రోజులు ఆమెనే బతిమాలి, మూడో రోజు మానుకున్నాడు. పదో వారానికి ఇనుము రెండు వందల తొంభై ఐదు పట్టింది. అంటే పీపా నూట ఐదు! పదకొండు కిలోలు! ఆ రోజు అతను ఏడో అంతస్తులో ఆగలేదు.

పరీక్షకి పన్నెండు రోజులుందనగా ఆ లిఫ్టుని ఒకసారి సరిచూసి పెట్టమని సూపర్‌వైజరు పీపాకే చెప్పాడు. పీపా బయట నిలబడి ఉత్త ఇనుమే లోపల పేర్చాడు. ఇరవై దిమ్మలు, సరిగ్గా నాలుగు వందలు. ఒక బిళ్ల పెట్టాడు. బజరు మోగాలి. మోగలేదు. రెండు, మూడు... ఆరో బిళ్లకీ చప్పుడు లేదు. ఏడోదానికి మోగింది.

ఆరు కిలోలు. నూట ఐదు కాదు, నూట పదకొండు. తను తగ్గింది పదకొండు కాదు, ఐదే. మిగతా ఆరూ ఎవరో, ఎంత బరువుకి మోగాలో నిర్ణయించే బజరు స్క్రూ తిప్పి తగ్గించారు. లిఫ్టు పనిలో ఏ తప్పైనా మన్నిస్తారు గానీ, బజరు స్క్రూ ముట్టుకున్నవాడి మొహం ఎవరూ చూడరు. ఆ స్క్రూని నమ్మే జనం డబ్బా ఎక్కుతారు.

పీపా వెళ్లి అడిగితే కొలబద్ద దాచలేదు. తల వంచుకున్నాడు.

"మూడో వారం నువ్వు గ్రాము కూడా తగ్గలేదురా. 'రేపట్నుంచి రాను' అన్నావు. ఒక్క కిలోయే కదా అనుకున్నాను. తర్వాత ప్రతివారం ఇంకాస్త... వెనక్కి తిప్పడానికి చెయ్యి రాలేదు."

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే నా చెయ్యి విరిచేది."

"నూట ఐదనుకుని ఆ కంతలో కాళ్లు పెట్టేవాణ్ణిరా! మళ్లీ అక్కడే! అదే చోట!" పీపా గొంతు కీచుమంది. స్క్రూ తానే సరిచేసి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయాడు.

రెండు రోజులు మెట్ల దగ్గరికి వెళ్లలేదు. భార్య తాళంచెవి తెచ్చి ముందు పెట్టింది.

"తినాలనుంటే తినండి. నన్ను మాత్రం అడక్కండి."

తినలేదు.

మూడో రోజు స్టోరు అక్క మోకాళ్లు పట్టుకుంటూ అతని ఇంటి మెట్లెక్కి వచ్చింది. చంకలో పెద్ద అట్టముక్క. మధ్యలో నలభై, యాభై సెంటీమీటర్ల కంత కోసి ఉంది.

"వాణ్ణి తిట్టాల్సింది తిట్టేశాను, నీ వంతు కూడా కలిపి. ఇక లే."

"ఐదే తగ్గానక్కా."

"ఐదు కిలోల ఇనుము ఎప్పుడైనా పద్నాలుగంతస్తులు మోశావా? మోసి చూసి అప్పుడు 'ఐదే' అను. ఇది అట్ట తమ్ముడూ, బిగిస్తే చిరుగుతుంది. నిన్నేం చెయ్యదు."

మర్నాటి నుంచి పద్నాలుగో అంతస్తు వరండాలో అక్క ఒక పక్క, కొలబద్ద ఒక పక్క ఆ అట్టని పట్టుకునేవారు. పీపా కాళ్లతో మొదలుపెట్టి అందులోంచి దూరేవాడు. పొట్ట దగ్గరికి రాగానే ఒళ్లంతా చెమట, చేతులు వాటంతటవే అట్టని చింపేసేవి. టేపు అంటించి మళ్లీ పట్టుకునేవారు. కొలబద్దతో పీపా మాట్లాడేవాడు కాదు, కానీ వాడు వచ్చి అట్ట పట్టుకునేదాకా కాలు పెట్టేవాడు కాదు. పరీక్ష ముందురోజుకి ఆ అట్టలో అట్ట కన్నా టేపే ఎక్కువ.

పరీక్ష రోజు సేఫ్టీ ఆఫీసరు గడియారం పట్టుకుని డబ్బా లోపల నిలబడ్డాడు. పీపా డబ్బా పైన. కొలబద్ద అతని వెనక. ఎవరూ ముట్టుకోకూడదు, అది నియమం. కింద కంతలో వెలుతురు, చుట్టూ గ్రీజు వాసన.

కాళ్లు దిగాయి. తొడలు దిగాయి. పొట్ట దగ్గర ఇనుప అంచు చల్లగా తగిలింది. ఆగిపోయాడు.

"ముప్ఫై సెకన్లు" అన్నాడు ఆఫీసరు.

ఇది అట్ట కాదు. చిరగదు. నిండా పీల్చిన ఊపిరి గుండెల్లో గట్టిగా పట్టుకుని ఉన్నాడు, అది వదిలితే ఇక దొరకదన్నట్టు. దాన్ని వదిలితే తప్ప దిగలేడు. ఆ సంగతి ఒంట్లో ఒక్క నరమూ ఒప్పుకోవడం లేదు.

"నిమిషం."

"ఒరేయ్," అన్నాడు కొలబద్ద వెనక నుంచి, "ఈ స్క్రూ నేను ముట్టుకోలేదురా."

పీపాకి నవ్వొచ్చింది. భయంలో వచ్చిన నవ్వు, ఏడుపులాంటిది. ఆ నవ్వుతో పాటు పట్టుకున్న గాలంతా పోయింది. అంచు పక్కటెముకల్ని గీసుకుంటూ పైకి పోయింది, చొక్కా బొత్తాలు టపటపా రాలాయి, లోకం ఒక్క క్షణం నల్లబడింది. తర్వాత అతను డబ్బా నేల మీద కూలబడి ఉన్నాడు, నోరు తెరిచి గాలి తాగుతూ.

"నిమిషం నలభై ఒకటి. పాస్." ఆఫీసరు కాగితం చాపాడు. పీపా సంతకం పెడితే గీత కాగితం అంచు దాటిపోయింది. "భయమేసిందా?"

"ఇంకా వేస్తోంది సార్." మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచాడు. "ఇంకోసారి దిగుతాను సార్."

"పాసయ్యావుగా?"

"పరీక్షకి కాదు. ఇప్పుడు దిగకపోతే ఇంటికెళ్లేసరికి ఈ భయం మళ్లీ పెరిగిపోతుంది."

ఆఫీసరు గడియారం జేబులో పెట్టుకున్నాడు. పై అంతస్తు తలుపు దగ్గర స్టోరు అక్క పక్కకి జరిగి దారి ఇచ్చింది. డబ్బా మీద కొలబద్ద ఈసారి వెనక నిలబడలేదు, కంత పక్కనే గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు. పీపా ఆ చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, ఒక కాలు లోపలికి దింపాడు.