హవల్దారుకు తాళిగుండు

మా బంధువుల పెళ్ళిళ్ళలో, రెండో బంతి భోజనాల దగ్గర, ఒక కథ తప్పకుండా వినబడుతుంది. కోలారు బంగారు గనిలో పనిచేసే రోజుల్లో మా నాయన గేటు హవల్దారుకు మిఠాయిలో బంగారం పెట్టి లంచమివ్వబోయి, షిఫ్టు మొత్తం చూస్తుండగా పట్టుబడ్డాడన్నది ఆ కథ. విన్నవాళ్ళు నవ్వుతారు. నాయన తల వంచుకొని మజ్జిగ కలుపుకుంటాడు. పక్కన కూర్చున్న నేను అప్పడం విరుస్తాను, చప్పుడు కొంచెం ఎక్కువ వచ్చేటట్టు.

ఆ కథ అబద్ధం. మా నాయన ఎవరికీ లంచంగా బీడీ ముక్క కూడా ఇచ్చి ఎరగడు. ఆ మిఠాయి చేసింది నేను. అందులో బంగారం పెట్టింది నేను. చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. 

గని సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయిన కాలం అది. మేముండేది గని కూలీలకిచ్చే రేకుల ఇళ్ళ వరుసలో. ఇల్లు కంపెనీది, కరెంటు కంపెనీది, బేతమంగళ చెరువు నుంచి వచ్చే నీళ్ళు కంపెనీవి. మాకు సొంతమైనది భయం ఒక్కటే. గనిలోంచి చిటికెడు బంగారం బయటికి తెచ్చాడని ఎవరిమీదైనా కేసు పడితే ఉద్యోగం ఊడుతుంది, దాని వెనకాలే ఇల్లు పోతుంది, మంచం గిన్నెలు వీధిలోకి వస్తాయి. అందుకే మా వరుసలో పిల్లలకు బూచాడిని చూపించేవాళ్ళు కారు. గేటు హవల్దారును చూపించి అన్నం తినిపించేవాళ్ళు.

ఆ హవల్దారు పేరు గంగులప్ప. పైకొచ్చే ప్రతి మనిషినీ తడిమి, చెప్పులు విప్పించి, క్యారియరు తెరిపించి, మూత వెనక్కి తిప్పి కూడా చూసేవాడు. గేటు దగ్గర ఆవలించినవాడి నోట్లోకి తొంగిచూశాడని చెప్పుకొనేవారు. ఆయనకొక కూతురుండేది, కోమల. ప్రేమించడానికి నాకు ఆ ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదు.

టైపింగు క్లాసులో ఆమె పక్క మిషను నాది. ఒకరోజు నా రిబ్బను చిక్కుపడితే ఆమె విడదీసి ఇచ్చి, "నీవి చేతులా, చీపురు పుల్లలా?" అంది. అంతే. ఆ మాటతో నేను రెండు నెలలు బతికాను.

మా గనుల్లో క్రిస్మస్ అందరి పండగ. ఆ రోజు క్రైస్తవుల ఇళ్ళ నుంచి కేకు ముక్కలు, పిండివంటలు పళ్ళేల్లో, పైన పూలు కుట్టిన గుడ్డ కప్పుకొని, ఇంటింటికీ వెళ్తాయి. చూసి చూసి హిందువుల ఇళ్ళవాళ్ళూ పళ్ళేలు పంపడం మొదలుపెట్టారు. పళ్ళెం పట్టుకున్నవాడిని ఎందుకొచ్చావని ఏ గుమ్మంలోనూ అడగరు. ఒక కుర్రవాడు ఒక అమ్మాయి ఇంటికి నేరుగా నడిచివెళ్ళి ఆమె చేతికి మిఠాయి ఇవ్వగలిగిన రోజు ఏడాదికి అదొక్కటే.

పక్కింటి స్టెల్లా అక్కను అడిగాను.

"అక్కా, పొయ్యి లేకుండా అయ్యే స్వీటేమన్నా ఉండాదా?"

"ఎవురికిరా?"

"నాకే."

"నీకయితే చక్కెర నోట్లో పోసుకో, అయిపోతాది." అయినా నవ్వి చెప్పింది. "బిస్కెట్లు పొడి చేసి, చిక్కపాల డబ్బా పోసి, కొబ్బరి, కోకో కలిపి ఉండలు చేయి. చల్లగా పెడితే గట్టిపడతాది. పొయ్యి జోలికి పోవద్దబ్బా. నీ మొగం చూస్తే అగ్గిపెట్టె ఇచ్చేదానికే భయమైతాది."

పండగ ముందురోజు అమ్మ కిరసనాయిలు క్యూకు వెళ్ళింది. నేను బిస్కెట్లు రోట్లో వేసి దంచాను. ఆ రోట్లో అంతకు ముందురోజే అమ్మ మిరపకాయలు దంచిందన్నది బిస్కెట్ల పొడి ఎర్రబడ్డాక తెలిసింది. కోకో వేస్తే ఎరుపు కనబడదులే అనుకున్నాను. నిజమే, కనబడలేదు. పాలు ఎక్కువై మొదట అది గోడకు పూసే సున్నంలా జారింది. మళ్ళీ బిస్కెట్లు వేస్తే రాయయింది. మళ్ళీ పాలు పోశాను. చివరికి ఉండలు కుదిరేసరికి మోచేతుల దాకా నేనే ఒక మిఠాయినయ్యాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా అవ్వది క్యాసంబళ్ళి. తన తాళిలోని రెండు బంగారు గుండ్లు నాకిచ్చి, "నీ పెండ్లానికి పెట్టుకోరా" అని చెప్పింది. బఠాణి గింజంత ఉండేవి. ఒక గుండు ఒక ఉండలో పెట్టాను, రెండోది నా చొక్కా జేబులో వేసుకున్నాను. కోమల ఉండ కొరుకుతుంది, గుండు పంటికి తగులుతుంది, నా మనసు ఆమెకు తెలుస్తుంది. ఇదీ ఏర్పాటు. పన్ను విరిగితే ఏమిటన్నది తోచలేదు. ప్రేమించేవాడికి అవతలి మనిషి కళ్ళు గుర్తుంటాయి గాని పళ్ళు గుర్తుండవు.

పండగ నక్షత్రాలకు అతికించే బంగారు రంగు కాగితం కొన్ని ముక్కలు మిగిలితే, ఒక్కో ఉండకూ చుట్టాను. ఊరంతా బంగారం పేరెత్తితే వణికే చోట, బంగారం లోపల పెట్టి బయట కూడా బంగారంలా చుట్టిన ఘనత నాది.

ఇక దాచడం. అమ్మ కన్ను పడని చోటు మా ఇంట్లో ఒకటే ఉంది, నాయన క్యారియరులో అడుగు డబ్బా. ఆయనకు ఒకదాంట్లో సంగటి, ఒకదాంట్లో పులుసు. మూడోది ఎప్పుడూ ఖాళీ. అది లేకపోతే పైన కొక్కెం బిగుసుకోదు కాబట్టి ఖాళీగా గనిలోకి దిగేది, ఖాళీగా పైకొచ్చేది. దాన్ని ఎవరూ తెరిచేవారు కాదు. మరునాటి నుంచి నాయనది మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్నే ఉండలు తీసి పళ్ళెంలో పెట్టుకొని పోదామనుకున్నాను.

పొద్దున లేచి చూస్తే మేకుకు క్యారియరు లేదు.

"అమ్మా, క్యారియరు యాడ?"

"మీ నాయన ఎత్తుకపోయినాడు. ఆంటోనీకి పండగ కదా, ఆయప్ప బదులు ఈయన పొద్దున్నే దిగినాడు. దీపావళికి ఆంటోనీ దిగలేదా ఏమి?"

మా గనుల్లో అది మామూలే. నీళ్ళు తోడే పంపులకు పండగ లేదు, ఒకరి పండగకు ఇంకొకరు దిగేవారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదే నేను మరిచిపోయాను.

"మూడో డబ్బా కూడానా?"

"అది లేకుంటే కొక్కెం పడదు గదరా. మొగమేల అట్ల తెల్లగ పోయింది?"

ఎందుకు పోదు? గనిలోకి దిగేటప్పుడు క్యారియరును ఎవరూ చూడరు. పైకొచ్చేటప్పుడు చూస్తారు. మా నాయన తనకు తెలియకుండా బంగారు గుండు పట్టుకొని గంగులప్ప చేతుల్లోకి నడిచి రాబోతున్నాడు. నా కళ్ళకు మా మంచం వీధిలో కనబడింది. మంచం మీద అమ్మ కూర్చొని కనబడింది. కిరసనాయిలు డబ్బా కూడా కనబడింది.

పొద్దుటి షిఫ్టు ముగిసే వేళకు షాఫ్టు గేటు దాకా పరిగెత్తాను. సైరను ఇంకా మోగలేదు. గంగులప్ప స్టూలు మీద కూర్చొని మీసం సరిచేసుకుంటున్నాడు. ముందే ఏదో ఒకటి చెప్పి పెడితే మంచిదనిపించింది.

"సార్, మా నాయన క్యారియరు..."

"ఏముండాది క్యారియరులో?"

"ఏం లేదు సార్."

ఆయన స్టూలు మీద నుంచి లేచాడు. "ఏం లేదని చెప్పేదానికి ఇంత దూరం పరిగెత్తుకుంటా వచ్చినావా?"

నేను రాకుండా ఉంటే ఆ రోజు ఆయన మూడో డబ్బా తెరిచేవాడు కాదేమో. పండగపూట అందరూ పై మూతలెత్తి పంపించేస్తారు. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు వస్తుంది.

సైరను మోగింది. గనిలోంచి మనుషుల్ని తెచ్చే బోను పైకి వచ్చింది. నాయన వరుసలో నిలబడి, గేటు బయట నన్ను చూసి, ఇంట్లో ఎవరికేమైందోనని కంగారుపడ్డాడు.

"మూడోది తియ్యప్పా," అన్నాడు గంగులప్ప.

"దాంట్లో ఏమీ ఉండదు సార్. కొక్కెం కోసరం తెస్తాను."

"ఏమీ లేనిదాన్ని తెరిచేదానికి నొప్పేంది?"

తెరిచాడు. గని అడుగున ఉండే వేడి మీకు చెప్పలేదు కదూ. అక్కడ మనుషులే కరుగుతారు, నా ఉండలెంత. డబ్బా నిండా నల్లటి బురద, బురదలో మెరిసే రేకులు. గని పనివాళ్ళ కంటికి అది మిఠాయిలా కనబడే అవకాశమే లేదు. నాయన ఆ డబ్బాలోకి, సొంత చొక్కాలో తేలు కనబడినవాడిలా చూశాడు.

"ఇదేంది?"

"తెలీదు సార్."

"నీ క్యారియరు, నీకు తెలీదా?"

గంగులప్ప తట్ట తెప్పించాడు. నీళ్ళు పోశాడు. బురదను తట్టలో వంచి, అలవాటైన చేత్తో గుండ్రంగా తిప్పుతూ కడగసాగాడు. కోకో పోయింది, కొబ్బరి తేలింది, కాగితం రేకులు ఆయన వేళ్ళకూ మీసానికీ అంటుకున్నాయి. రెండు నెలల నా ప్రేమ కాలవలోకి పోతోంది. ఆఖరికి తట్టలో ఠంగుమని శబ్దమైంది.

 గుండు ఎండలో మెరుస్తోంది. నాయన మిగతా డబ్బాలను గుండెకు అదుముకోవడం కంచె ఇవతలి నుంచి నాకు కనబడింది.

"సార్, అది గనిది కాదు," అని అరిచాను. "మా అవ్వ తాళిగుండు. జత నా దగ్గరుండాది."

జేబులోది తీసి కంచె సందులోంచి అందించాను. గంగులప్ప రెండు గుండ్లనూ అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు. రెండింటికీ తాడు పోయే తూటు, తూటులో పసుపు. పసుపు పూసిన బంగారం ఏ గనిలోనూ దొరకదు.

"సరే, మీదే. కేసు లేదు," అన్నాడు.

నా ఊపిరి సగం బయటికి వచ్చింది.

"మిఠాయిలో ఏల పెట్టినారు? ఎవురి కోసరం?"

మిగతా సగం లోపలే ఆగిపోయింది. 'మీ బిడ్డ కోసరం' అనాలి. షిఫ్టు మొత్తం వింటోంది. ఆయన చేతిలో లాఠీ ఉంది. మరునాడే కోమల టైపింగు మానేస్తుంది, వేమగల్ మేనమామ ఇంటికి వెళ్ళిపోతుంది. చెప్పకపోతే? నా నోరు నన్నడగకుండా జవాబు చెప్పేసింది.

"మీకే సార్. పండగ గదా."

వరుసలో వెనక ఉన్న మునస్వామి గొంతు వినబడింది. "ఏమ్రా, హవల్దారుకు తాళి కడతావా? ముహూర్తం ఎప్పుడు?"

నవ్వు గేటు ఇనుప కమ్మీలకు తగిలి మోగింది. గంగులప్ప ముఖం రోట్లోని మిరపకాయయింది. ఆయన నావైపు తిరగలేదు, నాయన వైపు తిరిగాడు.

"పోయిన వారం పొయ్యికని గనిలోంచి తెస్తాంటే నీ దగ్గర కట్టెముక్క పట్టినానని, ఇంగ బంగారం పెట్టి నన్ను కొనేదానికి చూస్తావా?"

నాయన నన్ను చూశాడు. ఆ గుండ్లు దేనికిచ్చిందో ఆయన తల్లి ఆయనకు చెప్పే ఉంటుంది. హవల్దారుకు ఈడొచ్చిన కూతురుందని ఊరందరికీ తెలుసు. ఈ రెండింటినీ కలుపుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"అవును సార్. తప్పయిపోయింది," అన్నాడు.

"సిగ్గు లేదా? నీ కొడుకును చూసి నేర్చుకో. వాడు నిజం చెప్పేదానికి పరిగెత్తుకుంటా వచ్చినాడు."

నేను తల వంచుకొని నిలబడ్డాను. అందరూ అది వినయమనుకున్నారు.

నాయనా నేనూ ఇంటిదారి పట్టాం. మా వరుస మలుపు దగ్గర, "ఉండలు నువ్వే చేసినావా?" అని అడిగాడు.

"ఊ."

"డబ్బాలో వేలు పెట్టి నాకినా. కారం తగులుతాండాది." ఇంకాస్త దూరం నడిచాక అన్నాడు, "ఆ పిల్లతో ఏమన్నా చెప్పేదుంటే నోటితో చెప్పుకో నాయనా. నా క్యారియరుతో చెప్పొద్దు."

నోటితోనే చెప్పాను, గని పంపులు తోడే నీళ్ళకన్నా ఎక్కువ చెమట కార్చి. కోమల అంతా విని, "నాకని చేసి మా నాయనకిచ్చినావా? ఒక్క ఉండన్నా మిగలలేదా?" అంది. కోపం దేనికో అర్థం కాలేదు గాని అది ఒప్పుకోవడమేనని తరువాత తెలిసింది.

కొన్నేళ్ళకు పెద్దల ద్వారా మాట కదిలినప్పుడు గంగులప్ప ఏమన్నాడో తెలుసా? "తండ్రి సంగతి నాకు తెలుసు. పిల్లోడు మాత్రం నిజాయితీ మనిషి. గేటు దగ్గర తండ్రినే పట్టించినాడు." ఆ గుణం చూసి నాకు పిల్లనిచ్చాడు. తాళి కట్టే ముందు ఆ రెండు గుండ్లనూ అరచేతిలో పెట్టుకొని, తూట్లు సరిచూసి మరీ పురోహితుడి చేతికిచ్చాడు.

కాబట్టి ఆ పెళ్ళిభోజనాల కథ చెప్పేది ఎవరో మీకిప్పుడు తెలిసింది. మా మామే. గని మూతపడింది, ఆయన లాఠీ మూలపడింది, కథ మాత్రం రిటైరు కాలేదు. నిజం చెప్పేస్తానని నేనెన్నిసార్లన్నా, "చెప్పుకోనీలేరా, పిల్ల వచ్చింది గదా" అంటాడు నాయన. నేనూ ఊరుకున్నాను. నాయన మంచితనం వల్ల కాదు, భయం వల్ల. నేను ఊరి నుంచి వస్తే ఆ ముసలాయన ఇప్పటికీ ముందు నా సంచీ వైపు చూస్తాడు.

ఇప్పుడు మాత్రం ఇంత ధైర్యమెలా వచ్చిందంటారా? మామ చదువు కన్నడంలో సాగింది. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని అక్షరం ముక్క చదవలేడు. నేను రాస్తున్నది తెలుగులో. ఇంతకన్నా భద్రమైన చోటు నాకు దొరకలేదు.

నిన్న కోమల ఈ కాగితాలు చదివింది. చదివి, మడిచి, కొంగున కట్టుకుంది.

"ఆదివారం భోజనాలయినాక మా నాయనకు నేనే చదివి వినిపిస్తా. మీ నాయనను కూడా పిలిచినా. ఆయన ముందరే వినిపించాల. నువ్వు ఆ ఉండలు చేయి. నాకు రావలసినవి ఇంగా రాలేదు."

ఆదివారం పొద్దున బేతమంగళకు బస్సుందా అని ఒకసారి కనుక్కున్న మాట వాస్తవం. కానీ పోను. నాయన కోసం ఉంటాను. తలుపు దగ్గర కూర్చుంటాను, చెప్పులు వేసుకునే.

ఇందుమూలంగా సమస్త బంధువులకూ ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను: ఇకమీదట నా చేతి మిఠాయిలో చక్కెరకన్నా విలువైన వస్తువేదీ ఉండదు, ఏ డబ్బానూ ఖాళీది అనుకోను, ఎవరికోసమని అడిగితే ఆ మనిషి పేరే చెబుతాను. మొదటి ఉండను మామ చిదిమి చూస్తాడని నాకు తెలుసు. చిదమనీ. ఈసారి రోలు రెండుసార్లు కడిగాను.