పిడికెడు బియ్యం వద్దన్న ఆదివారం

మా ఆయన ధర్మవరంలో పట్టుచీరల షాపులో పనిచేసేవాడు. చీర మడత విప్పి ముందర పరిచాడంటే కొనకుండా లేచేవాళ్లు తక్కువ. మాట ఉంది, నవ్వు ఉంది, నెల తిరిగేసరికి జీతం ఉంది. మనిషికి ఇంకేం కావాలి? అలాంటివాడు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గడపలో నిలబడి, "మే, షాపు మానేస్తాండా. దేవుని పనికి పోదాం" అన్నాడు.

పెనుకొండ దాటి హిందూపురం పోయే దారిలో, రోడ్డుకు బాగా లోపలగా ఒక ఊరుంది. అక్కడ కొన్ని ఇళ్లవాళ్లు రేకుల మందిరం ఒకటి వేసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. వాళ్లకు బోధకుడు లేడు. ఈయన సెలవు దొరికినప్పుడల్లా ప్యాసింజర్ రైలెక్కి పోయి వాక్యం చెప్పి వస్తుండేవాడు. దానికి నేనెప్పుడూ అడ్డం చెప్పలేదు. కానీ పోయి రావడం వేరు, పోయి ఉండిపోవడం వేరు.

"దేవుడు నీకు చెప్పినాడు సరే, నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వైతే ఆయనతో కూడా పోట్లాడతావని నాకు చెప్పినాడేమో."

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. నేను మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. నేత ఆగిపోయి ఇంట్లో పొయ్యి సరిగా వెలగని రోజుల్లో కూడా మా నాయన ఒకరి ముందు చెయ్యి చాచలేదు. అలాంటి ఇంటి పిల్లను తీసుకుపోయి ఊళ్లోవాళ్లు పెట్టింది తిని బతకమంటే ఎట్లా? మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నేనే మాట్లాడాల్సి వచ్చింది, ఆయన అన్నం మానేశాడు కాబట్టి. "ఒక్క ఏడాది చూస్తా. నాకు పొసగలేదో, నా దారిన నేను ధర్మవరానికి వచ్చేస్తా" అని చెప్పి, గుడ్డలు, గిన్నెలు, కుట్టుమిషను సర్దుకున్నాను.

మందిరానికి ఆనుకుని ఉన్న గదిలో దిగాం. మొదటి ఆదివారమే ఒక సంగతి చూశాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తూ, కొంగులో ముడివేసుకునో, చిన్న సంచిలోనో తెచ్చిన బియ్యం ముందరున్న బుట్టలో పోసి, దండం పెట్టుకుని కూర్చుంటున్నారు. వాళ్ల పద్ధతి అది. ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ముందుగా పిడికెడు తీసి పక్కన పెడతారు. వారమంతా అట్లా చేరింది ఆదివారం దేవుని దగ్గర పోస్తారు. ఆ బియ్యంతోనే బోధకుని ఇల్లు నడవాలి.

బుట్ట నిండింది గానీ, అయ్యో, ఆ అన్నం వండడం చూడాలి! ఒక ఇంటివి రేషన్ స్టోరు బియ్యం, ఒక ఇంటివి సోనామసూరి, ఇంకొకరివి పాతవి, మరొకరివి కొత్తవి. సగం మెత్తగా గంజై పోయేది, సగం పలుకు పలుకుగా ఉండేది. నేను గిన్నె ముందు పెట్టుకుని సణుగుతుంటే మా ఆయన, "ఊరంతా ఒక్క గిన్నెలో ఉండాది, తిను" అనేవాడు. మాటలకేం, బాగానే చెప్తాడు.

ఆ బుట్టలో ముందుగా బియ్యం పోసేది ఒక అవ్వ. మందిరానికి వచ్చే చాలామందిలాగే ఊరికి దూరంగా, చివరి వీధిలో ఉండేది. మొగుడు లేడు. కూతురు, అల్లుడు పనులు వెతుక్కుంటూ బెంగళూరు పోయారు. అవ్వ రోజూ ఆటో ఎక్కి కూలికి పోయేది, ఆదివారం మాత్రం పోయేది కాదు. అందరికంటే ముందొచ్చి మందిరం ఊడ్చి, చాపలు పరిచి, గొంతెత్తి మొదటి పాట ఎత్తుకునేది. ఆమె ఎత్తుకుంటేనే తక్కినవాళ్లకు గొంతు పెగిలేది. నన్ను "అమ్మగారూ" అని పిలిచేది. ఆ పిలుపు నాకు ఇబ్బందిగా ఉండేది, ఆమెకు మా అమ్మకంటే ఎక్కువ వయసు మరి.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వేరుశనగ పైరు కళ్లముందే ఎండిపోయింది. గొర్రెలున్నవాళ్లు మేత కోసం మందల్ని తోలుకుని ఎటో పోయారు. ఆడవాళ్లు పనికోసం హిందూపురం దాకా పోవలసి వచ్చింది. మా ఆయన అదంతా చూసి లోలోపల కుమిలిపోయాడు. ఒక ఆదివారం వాక్యం అయిపోయాక లేచి నిలబడి, "ఇంక మీరెవరూ బియ్యం తేవద్దు. మీ పిల్లలకు వండి పెట్టుకోండి. మమ్మల్ని దేవుడే పోషిస్తాడు" అని చెప్పేశాడు. అక్కడున్న బుట్ట కూడా ఎత్తి లోపల పెట్టేశాడు.

నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ రోజు మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. "దేవుడు పోషిస్తాడా, నా కుట్టుమిషను పోషిస్తుందా?" అని అరిచాను. ఆయన మాత్రం తొణకలేదు. ధర్మవరంలో జీతం వదిలిపెట్టినప్పుడు నమ్మినట్టే ఇప్పుడూ నమ్మాడు. నిజం చెప్పాలంటే, అంత కోపంలోనూ, ఈ మనిషికి ఎంత ధైర్యం అనుకున్నాను.

తరువాతి ఆదివారం సగం మంది రాలేదు. ఆ తరువాత ఇంకా తగ్గారు. అవ్వ అసలు రాలేదు. నేనే ఊడ్చాను, నేనే చాపలు పరిచాను. పాట ఎవరు ఎత్తుకోవాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పనులకు పోయి ఉంటారని మా ఆయన సర్దిచెప్పుకున్నాడు గానీ, మనిషి దిగాలు పడిపోయాడు. "నేను తప్పు విన్నానేమో. దేవుడు నన్ను ఈడికి పిలవలేదేమో" అన్నాడు ఒక మధ్యాహ్నం. మందిరం మూతపడితే మేము ధర్మవరం పోవడమే. నేను కోరుకున్నదీ అదే గదా! కానీ ఆ మాట ఆయన నోట విన్నప్పుడు, అట్లా అనొద్దని నేనే ఆయన్ని కసిరాను.

ఆ వారంలోనే కొళాయి దగ్గర అవ్వ ఎదురైంది. తల తిప్పుకుని పోబోయింది. నేను ఊరుకునే రకం కాదు. బిందె దారికి అడ్డం పెట్టి, "ఏమవ్వా, మందిరానికి ఎందుకు రాలేదు?" అని అడిగాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. కోపం లేదు ఆమె చూపులో. "మా బియ్యం మీకు పనికి రాకపోయె. మా పాటలు పనికొస్తాయా అమ్మగారూ?" అంది.

"అయ్యో, మీకు కరువని కదా అవ్వా..."

"మాకు కరువు కొత్తనా?" అంది అవ్వ. "ఈ ఊర్లో మా ఇంటి బియ్యం ఎవురూ ముట్టినోళ్లు లేరు. దేవుడొక్కడు తీసుకుంటాండాడులే అని సంతోషపడితిమి. మీరు పెద్దింటోళ్లు, టౌన్లో పుట్టినోళ్లు. ఇన్నాళ్లు ఎట్లో తింటిరి. ఇంక చాలనిపించిందేమోలే." బిందె పక్కకు జరిపి వెళ్లిపోయింది.

నేను ఖాళీ బిందెతోనే వెనక్కి తిరిగాను. కళ్లల్లో నీళ్లు ఆగలేదు. ఇంటికి పోయి చెబితే మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. "నేను పోయి అందరికీ చెప్తా, అట్ల కాదని" అన్నాడు. చెబితే తీరేది కాదు అది. ఎన్ని మాటలు చెప్పినా, పుచ్చుకోనివాళ్ల మాటలే గదా అవి.

ఏం చేయాలో నాకు తెలుసు. అందుకే భయం వేసింది. ప్రార్థన చేద్దామని మోకాళ్ల మీద కూర్చుంటే మంచి మాట ఒకటీ రాలేదు. "ప్రభువా, నాకు అడగడం చేతకాదు. మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. వాళ్లు లేదు పొమ్మంటే ఆ సిగ్గుకు నేను చచ్చిపోతా. నువ్వు పక్కన ఉంటే పోతా" అన్నాను. లేచి, గిన్నె ఒకటి తీసుకుని, కొంగు నడుముకు దోపుకుని చివరి వీధికి బయలుదేరాను. జీతం వదులుకోవడమే విశ్వాసం అనుకుంటూ వచ్చాను అంతవరకు. చెయ్యి చాచడానికి అంతకంటే ఎక్కువ విశ్వాసం కావాలని ఆ వీధి మలుపు తిరిగేటప్పుడు తెలిసింది.

అవ్వ ఇంటి ముందు నిలబడి, "అవ్వా, మా ఇంట్లో బియ్యం లేవు. పిడికెడు పెట్టు" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే లేవు.

అవ్వ బయటికి వచ్చింది. గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. పక్కిళ్ల ఆడవాళ్లు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు.

"బియ్యం నాకాడా లేవు," అంది చివరికి. "సంగటి ఉండాది. తింటావా?"

"పెట్టు" అన్నాను.

గడప దాటి లోపలికి పోయి నేల మీద కూర్చున్నాను. సంగటి ముద్ద, మీద ఊరిబిండి పచ్చడి వేసి, తాను తినే పళ్లెంలోనే పెట్టింది. ఆకలో, ఏడుపో, ఏదో తెలియదు గానీ గబగబా తినేశాను. ఊరిబిండి కారానికి ముక్కు, కళ్లు కారిపోతుంటే అవ్వ చెంబుతో నీళ్లిచ్చి, వెన్ను మీద చెయ్యి వేసి రాసింది. "నిదానంగా తినమ్మా" అంది. గారు లేదు. మా అమ్మ పిలిచినట్టే పిలిచింది. వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఆదివారం వస్తా. చాపలు నువ్వు పరచొద్దు, వంకర పరుస్తావంట" అంది.

ఖాళీ గిన్నెతో ఇంటికొచ్చాను. మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఫోను. "షాపాయనతో మాట్లాడినా. నెల మొదట్లో వచ్చి చేరమన్నాడు," అన్నాడు నా మొహం చూడకుండా. "నీ ఏడాది కూడా అయిపోవస్తాండాది గదా."

"నువ్వు పోతే పో," అన్నాను. "ఆదివారం అవ్వ వస్తానంది. ఆమె వచ్చేసరికి ఈ తలుపు మూసి ఉండడానికి నేను ఒప్పుకోను."