నెహెమ్యా దింపిన బాణం

నెహెమ్యా ట్రేసరు. కింద పటం పరిచి, మీద ట్రేసింగ్ షీటు వేసి, కింద ఉన్న గీతను నల్ల ఇంకుతో షీటు మీదికి దింపడం ఆయన పని. బళ్ళారి కంటోన్మెంటులో ఒకప్పుడు ఆ పని చేసేవాళ్ళు వీధికొకరు ఉండేవాళ్ళు. ఇనుప రాయికి గిరాకీ వచ్చి కొండలు లారీలెక్కి రేవులకు పోవడం మొదలయ్యేసరికి ఆయనొక్కడే మిగిలాడు. ఆయన వయసులో ఉండగా దింపిన కొండలు కొన్ని ఇప్పుడు పటాల్లోనే ఉన్నాయి, నేల మీద లేవు.

ఆయనకు ఒక్కటే సూత్రం. కింద ఏదుంటే పైన అదుండాలి. ఎందుకుంది అని అడిగే పని సర్వేయరుది, ఉండొచ్చా అని అడిగే పని ఇంజనీరుది. ట్రేసరు అడగడు. చర్చి కట్టించిన దొరగారి పాత ఫోటోను బ్యానరు మీదికి దింపమంటే, ఫోటోలో దొర ముక్కు మీద ఈగ వేసిన మచ్చను కూడా భక్తిగా దింపాడు. ఆ ఏడు పండక్కి వచ్చినవాళ్ళంతా దొరగారికి పుట్టుమచ్చ ఉండేదని తెలుసుకుని, పిల్లలకు కూడా చెప్పారు. 

ఆ చర్చిలోనే కమిటీ మెంబరు జీవానందం. ఈయనకు కంటోన్మెంటులో ఒక పాత బంగళా సగభాగంలో ఆఫీసుంది. దుమ్ము కొలిచే ఆఫీసు. చుట్టుపక్కల ఊళ్ళ మీద ఎంత దుమ్ము పోస్తున్నాయో గనుల కంపెనీలే డబ్బిచ్చి ఇలాంటి ఆఫీసుతో కొలిపించి, సర్కారు పై ఆఫీసుకు రిపోర్టు పంపాలి. జీవానందం మనుషులు ఊరి బడి మిద్దె మీద దుమ్ము పీల్చే మిషన్ పెట్టి, రోజూ లెక్క తెస్తారు. ఆ లెక్కను నెహెమ్యా చుక్కలుగా, గీతలుగా షీటు మీద వేస్తే, అమ్మోనియాతో నకలు ప్రింట్లు తీసి రిపోర్టుకు కుడతారు. కిటికీ పక్కన నెహెమ్యాకు చేతుల్లేని కుర్చీ ఒకటి. ఆ కుర్చీ ఉన్నంతవరకు ఆయన ట్రేసరు. అది పోతే ఇంట్లో సామ్రాజ్యమ్మ చేట చేతికిచ్చి బియ్యంలో రాళ్ళేరమంటుంది, ఏరాక మళ్ళీ తనే ఏరుతుంది. మొగుడి కళ్ళ మీద ఆమెకంత నమ్మకం.

ఆఫీసుకు కంప్యూటరొచ్చింది, ఒక చిన్న ప్రింటరుతో సహా. దానితోపాటు కావేరి వచ్చింది. సిరుగుప్ప నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే పిల్ల, లెక్కల శాస్త్రంలో డిగ్రీ. ఇంటర్వ్యూలో జీవానందం ఏమడిగినా వచ్చు సార్ అంది. చుక్కల బొమ్మ వేయడం వచ్చా అంటే వచ్చు, ప్రింటు తీయడం వచ్చా అంటే వచ్చు. మొదటిది నిజం.

ఆమె వాడే ప్రోగ్రాము పేరు ఒక్క అక్షరమే, ఆర్. ఒక లైను కొడితే తెర మీద కిటికీ తెరుచుకుని, లెక్కంతా చుక్కలై వరసగా నిలబడుతుంది. ఆ కిటికీకి మెనూ లేదు, బొత్తాం లేదు. మూస్తే బొమ్మ పోతుంది. దాచుకోవాలంటే ముందు ఒక ఫైలు తెరవమని చెప్పాలి, తర్వాత బొమ్మ గీయమనాలి, ఆఖరున ఫైలు మూయమనాలి. ఆమె దగ్గరున్న జెరాక్సు పుస్తకంలో మొదటి రెండూ ఉన్నాయి. మూడోది ఉన్న పేజీని జెరాక్సువాడు మింగేశాడు. అందువల్ల ఆమె ఫైలు తెరిచేది, గీయమనేది, బొమ్మ తెర మీదికీ వచ్చేది కాదు, ఫైల్లో చూస్తే సున్నా. తలుపు తీసిన గదిలోకి బొమ్మ వెళ్ళి, తలుపు మూయనందుకు బయటికి రానని మొండికేసినట్టుండేది.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజు నెహెమ్యా చెప్పులిప్పి ఆ గదిలోకి వచ్చాడు. చెప్పులిప్పడం అక్కడి ఆచారం. ఎర్రదుమ్ము తగిలితే కంప్యూటరు చచ్చిపోతుందని అమ్మినవాడు చెప్పిపోయాడు.

“ఏంది పాపా, ఏడుస్తాండావు?”

“బొమ్మ వస్తాంది అంకుల్, నిలబడేల్యా. ఎల్లుండికి షీటు కావాలంటాడు సారు.”

నెహెమ్యా తెరను చూశాడు. వెనకనుంచి వెలుగు, ముందు గాజు. ముప్పై ఏళ్ళుగా లైటు టేబులు కొనివ్వమని అడిగితే ఎవరూ కొనివ్వలేదు. ఇది అదే, నిలబెట్టి ఉంది.

“గోడ కిటికీ మూసెయ్, లైటు తీయి” అన్నాడు.

షీటును టేపుతో గాజుకు అంటించాడు. చేతి వెంట్రుకలు సర్రున లేచి నిలబడ్డాయి. చెయ్యి వెనక్కి లాక్కుని, షాకు కొట్టదని కావేరి ఒట్టేసి చెప్పాక మళ్ళీ పెట్టాడు. గాజు కాస్త ఉబ్బుగా ఉంటే గీతల వంకర సెట్‌స్క్వేరుతో సరిచేశాడు. కావేరి ఎలుక లాంటి ఆ వస్తువును పక్కకు జరిపి పెట్టేది, ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. దాని తోక ఆయనకు నచ్చలేదు.

జీవానందానికి ఇవేవీ తెలియవు. ఆయన వేసుకునేది లేసుల బూట్లు. లేసులిప్పడానికి వంగితే పొట్ట అడ్డం. గుమ్మం దగ్గరే నిలబడి “అయిందా కావేరీ?” అనేవాడు, షీటు తీసుకుని పోయేవాడు.

కొన్ని నెలలు హాయిగా గడిచాయి. ఒకరోజు ఒక కంపెనీవాళ్ళు వస్తే జీవానందం షీటును వెలుగుకు పట్టి చూపించాడు.

“చూడండప్పా, ఈ గీత. మనిషి చేత్తో అయితాదా ఇది? కంప్యూటరు. వెంట్రుకవాసి తేడా ల్యా.”

నెహెమ్యా కుర్చీలో కూర్చుని వింటున్నాడు. లోపల కాస్త గర్వంగానే ఉంది. వాళ్ళు వెళ్ళాక జీవానందం ఆయన వైపు తిరిగాడు.

“నెహెమ్యన్నా, నువ్వే చూస్తాండావు కదా. ఇంగ నీకు శ్రమ ఎందుకు? ఈ రిపోర్టు పోయినాక ఇంట్లో రెస్టు తీసుకో. నీ కుర్చీ కాడ పెద్ద ప్రింటరు పెడతా.”

నెహెమ్యా కుర్చీ అంచు పట్టుకున్నాడు. తను గీసిన గీతే తనను లేపేస్తోంది. ఆ గీత నాదని చెబితే కావేరి ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తన కుర్చీ పోతుంది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని అలాగే ఉండిపోయాడు.

“ఏమయ్యో, కంచంలో ఏం పటం కనపడ్తాంది?” అంది సామ్రాజ్యమ్మ.

“నాకంటే నేనే బాగా గీస్తానంట. అందుకని నన్ను ఇంటికి పొమ్మంటాండారు.”

“నీకు జ్వరమొచ్చిండాది” అని ఆమె నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు.

ఆఖరి రిపోర్టు సండూరు వైపు గనులున్న ఒక కంపెనీది. మేనేజరు కనకప్ప. ఆ సాయంత్రం కావేరి చెల్లెల్ని చూడ్డానికి సంబంధంవాళ్ళు వస్తున్నారని ముందు బస్సుకే పరుగెత్తింది. బొమ్మ తెర మీద పెట్టి, “దింపేయ్ అంకుల్, నేను పోతాండా” అంది. ఎలుకను జరపడం మరిచిపోయింది.

నెహెమ్యా షీటు అంటించాడు. ఇదే తన చివరి పని అనుకుని, చుక్కలన్నీ ముత్యాల్లా పెట్టాడు. చుక్కలు పైనే నడిచి, ఒకచోట గబుక్కున కిందికి దిగి, వారం పాటు కిందే ఉండి మళ్ళీ పైకెక్కాయి. దిగిన మొదటి చుక్క మీద ఒక చిన్న బాణం గుర్తు ఉంది. పటాల్లో బాణాలు ఆయనకు కొత్త కాదు. ఉత్తరం వైపు ఒకటి, నీళ్ళు పారే వైపు ఒకటి. దీన్ని కావేరి పెట్టి ఉంటుంది. దింపాడు. మొనను నల్లగా నింపాడు కూడా.

రిపోర్టు పై ఆఫీసుకు పోయేముందు కంపెనీ చూసుకునేది వాడుక. చూసుకున్న మరుసటి రోజు పొద్దున్నే కనకప్ప జీపు వచ్చి ఆగింది. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, మొహం సుద్దముక్కలా ఉంది. షీటు జీవానందం టేబులు మీద పరిచాడు.

“ఏనప్పా జీవానందం, ఏంది ఇది?”

“ఏది?”

“ఈ బాణం. ఎవరు పెట్టినారు?”

జీవానందం వంగి చూశాడు. బాణం ఉంది. దాని గురించి ఆయనకేమీ తెలియదు. తెలియదని చెప్పే అలవాటు కూడా లేదు.

“కంప్యూటరు పెట్టింది” అన్నాడు.

“సుమ్నె, ఊరికే చెప్పొద్దప్పా. కంప్యూటరుకు ఆ గోనెపట్ట సంగతి యట్ల తెలుస్తాది?”

 నెహెమ్యా చేతిలో పెన్ను ఆగిపోయింది.

“ఏ గోనెపట్ట?” అన్నాడు జీవానందం.

కనకప్ప నాలిక కరుచుకున్నాడు. కానీ జారిపోయిన మాటను కప్పడానికి ఇంకో మాట వేయక తప్పదు. “నేను చెప్పలేదు మా పిల్లోళ్ళకు. వాళ్ళే మిద్దెక్కి తడిపిన పట్ట మిషన్ మీద కప్పినారంట, ఆ ఒక్క వారమే. అంత మాత్రానికి సరిగ్గా ఆ దినం మీద బాణం పెట్టి పై ఆఫీసుకు పంపిస్తారా?”

జీవానందం కుర్చీలో మెల్లగా కూలబడ్డాడు. ఆ వారం చుక్కలు చూసి ఈయనే రిపోర్టులో రాశాడు, కంపెనీవారి శ్రద్ధ వల్ల దుమ్ము తగ్గిందని. చర్చిలో కూడా చెప్పాడు.

“బాణం తీసి ఇంకో షీటు ఇయ్యి. నా కండ్ల ముందర” అన్నాడు కనకప్ప.

జీవానందం ఆ రోజు లేసులిప్పాడు. కనకప్ప కూడా బూట్లు విప్పాడు. ఇద్దరు పెద్దమనుషులూ సాక్సులతో చీకటి గదిలోకి వచ్చి నిలబడ్డారు. నెహెమ్యా వాళ్ళ వెనకే వచ్చాడు. కావేరి లైను కొట్టింది. చుక్కలు వచ్చాయి. బాణం ఎక్కడా లేదు. కనకప్ప తెరకు ముక్కు ఆనించి వెతికాడు.

“మరి బాణం యాడికి పాయె?”

 కావేరికి మాత్రం అర్థమైపోయింది. నెహెమ్యా వైపు చూసింది, ఆయన షీటు వైపు చూశాడు.

“ప్రింటు తీయి కావేరీ” అన్నాడు జీవానందం.

కావేరి కీబోర్డు వైపు చూసింది. ఏ కీ నొక్కాలో ఉన్న పేజీ ఆమె దగ్గర లేదు. మెడ మీద చెమట కారింది. నెహెమ్యా ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే కావేరి ఉద్యోగం పోయేది, ఆయన కుర్చీ మిగిలేది. ఆయన ఆగలేదు. కొత్త షీటు తీసి, టేపు తుంచి, గాజుకు అంటించాడు.

“కొంచెం జరగండి సార్, వెలుగుకు అడ్డం ఉండారు.”

గీయడం మొదలుపెట్టాడు. నిలువు గీత, అడ్డ గీత, చుక్క, చుక్క. జీవానందం దవడ వేలాడింది. మనిషి చేత్తో అవుతుందా అని ఊరంతా చూపించిన గీత, మనిషి చేత్తో, ఆయన కళ్ళముందే, అయిపోతూ ఉంది.

“అన్ని షీట్లూ ఇట్లేనా?” అని అడిగాడు.

“అన్నీ ఇట్లే సార్.”

“ఓ అజ్జా, నీకెవరు చెప్పినారు గోనెపట్ట సంగతి?” అన్నాడు కనకప్ప.

“నాకెవరూ చెప్పలేదప్పా. బాణం ఉండె. దింపినా.”

అప్పుడే కావేరి చెమట తుడుచుకోబోతే మోచెయ్యి ఎలుకకు తగిలింది. షీటు కింద, ఎక్కడినుంచో, బాణం జారుకుంటూ వచ్చి నెహెమ్యా పెన్ను మొన పక్కన ఆగింది. నెహెమ్యా ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఇన్నేళ్ళలో ఆయన కాగితం కింద ఏదీ కదల్లేదు. కొండలు కదిలాయి గానీ, పటం కదల్లేదు.

“పాపా, ఇది నడుస్తాంది.”

“అది మౌసు బాణం అంకుల్” అంది కావేరి, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో. “బొమ్మలోది కాదు. ఆ దినం నేను జరపకుండా పోయినా.”

కనకప్పకు అది చెవినుంచి బుర్రకు చేరడానికి కాస్త సమయం పట్టింది. కావేరి ఎలుకను అటూ ఇటూ కదిపి చూపించింది. బాణం అటు పోయింది, ఇటు వచ్చింది. ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. ఎక్కడో పడున్న ఒక ఎలుకకు బెదిరి కనకప్ప గోనెపట్ట కథంతా తన నోటితో తనే చెప్పుకున్నాడు. సాక్సులతోనే జీపెక్కాడు. బూట్లు తర్వాత డ్రైవరు వచ్చి తీసుకుపోయాడు.

జీవానందం ఆ రిపోర్టు పంపలేదు. మిషన్‌ను మళ్ళీ పెట్టించి మళ్ళీ కొలిపించాడు. ఆ వారం చుక్కలు దిగిన లోతు ఈసారి లేదు, అన్నీ పైనే. కనకప్ప కంపెనీ ఇంకో ఆఫీసు చూసుకుంది.

కావేరిని ఏమైనా అనడానికి జీవానందానికి నోరు రాలేదు. అంటే తను ఇన్ని నెలలూ లేసులిప్పలేదని ఒప్పుకోవాలి. ఆమె ఒక సాయంత్రం విసుగొచ్చి, ఫైలు తెరిచి బొమ్మ గీయమని, ప్రోగ్రామునే మూసేసి బస్సెక్కింది. పొద్దున చూస్తే ఫైల్లో బొమ్మ నిండుగా కూర్చుని ఉంది. ప్రోగ్రాము పోతూ పోతూ తలుపు మూసిపోయింది. అంతే, జెరాక్సువాడు మింగిన మూడో మెట్టు దొరికింది. పెద్ద ప్రింటరు వచ్చింది, నెహెమ్యా కుర్చీ ఉన్నచోట పెట్టారు.

కుర్చీని వరండాలోకి జరుపుతుంటే నెహెమ్యా చూస్తూ నిలబడ్డాడు. సెట్‌స్క్వేరు సంచిలో వేసుకున్నాడు.

“యాడికి?” అన్నాడు జీవానందం.

“ఇంటికి సార్. చేట కాడికి.”

“ఇంటికి కాదు. జీపెక్కు. దినమూ ఒక ఊరికి పో. మిద్దెక్కు. మిషన్ యట్ల ఉంటే అట్ల గీసుకొని రా. నీ తలకాయ వాడొద్దు, నీకు పుణ్యముంటాది. ఏముంటే అది.”

నెహెమ్యా కాసేపు నమ్మలేదు. తర్వాత జీపు ముందు సీటులో కూర్చున్నాడు, సంచి ఒళ్ళో పెట్టుకుని.

సాయంత్రానికి మొదటి బొమ్మ తెచ్చాడు. బడి మిద్దె, మిషన్, దాని మీద కాకి, కాకి నీడ, నీళ్ళ తొట్టి. తొట్టి వెనకనుంచి బయటికి తొంగిచూస్తూ ఒక జత హవాయి చెప్పులు, వాటిలో కాళ్ళు. మడమల పగుళ్ళు కూడా దింపాడు. జీవానందం దాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు.

“ఎవరివి నెహెమ్యన్నా ఈ కాళ్ళు?”

“నాకేం దెలుసు సార్” అన్నాడు నెహెమ్యా. “ఉండినాయి.”