ఊరి దిక్కు తిరిగిన చెప్పులు

మొన్న ఆదివారం మా చిన్నాయన కృష్ణలో మునిగి చనిపోయాడు. ముప్పై ఏళ్లుగా మునిగినవాళ్లను ఒడ్డుకు తెచ్చిన మనిషి. పేపర్లో ‘ప్రమాదవశాత్తు’ అని వేశారు. నేనొప్పుకోను.

సోమశిల చుట్టుపక్కల ఎవరు మునిగినా ఠాణా నుంచి ఫోన్ ఆయనకే. ఒడ్డున చెప్పులు విడిచి, వాటిని ఊరి దిక్కుకు తిప్పి పెట్టేవాడు. “నీళ్లల్లకెల్లి ఎల్లినంక తడికాళ్లతోని ఎతుక్కోవద్దు గదరా” అనేవాడు. ఊపిరి బిగబట్టి దూకేవాడు. శవాన్ని జుట్టు పట్టి లాగేవాడు కాదు. చంక కింద చెయ్యి వేసి తెచ్చేవాడు. “ఒడ్డుమీద తల్లి సూస్తాంటది.”

తూర్పు తీరంలో నా మిత్రుడొకడు స్కూబా నేర్పుతాడు. యుద్ధకాలంలో మునిగిన ఓడ ఒకటి అక్కడుంది. టూరిస్టులు గాలి సిలిండర్ కట్టుకుని దిగి చూసొస్తారు. నాలుగేళ్ల కింద చిన్నాయనను తీసుకుపోయాను. నోట్లో గాలి గొట్టం పెట్టుకుని కూడా ఆయన ఊపిరి బిగబట్టాడు!

“బాబాయ్ గారూ, బిగబట్టకండి,” అన్నాడు నా మిత్రుడు. “ అలా పైకొస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. పీల్చండి, వదలండి.”

“నీళ్లల్ల ఊపిరి ఇడిస్తే సస్తవని మా బాపు నేర్పిండు. నువ్వేమో పట్టుకుంటే సస్తవంటున్నవ్. ఎవని మాట ఇనాలె?”

ఆ అలవాటు వదలడానికి మూడు రోజులు పట్టింది. నాలుగోనాడు ఓడ దాకా దిగాడు. నాకు భయం, పడవలోనే కూర్చున్నాను. పైకొచ్చి పడవ అంచు పట్టుకున్నాడు.

“మెట్లున్నయ్‌రా. దర్వాజలున్నయ్. అండ్లకెల్లి చేపలు పోతున్నయ్. ప్రాజెక్టు కింద మునిగిన మన పాత ఊరు గూడ గిట్లనే ఉంటదేమో.” తర్వాత నా మిత్రుణ్ణి అడిగాడు: “గా ఓడల పోయినోళ్లను ఎవలన్న తీసిండ్రా?”

“లేదు బాబాయ్ గారూ. లోపలే ఉండిపోయారంటారు.”

“గీ సిలిండర్ పెట్టుకొని గూడ?”

తిరిగొచ్చేటప్పుడు, జడ్చర్ల బస్టాండులో అన్నాడు: “నాకొకటి ఇప్పియ్యిరా. మునుపటి లెక్క ఊపిరి ఆగుతలేదు.”

పోలీసు శాఖకు అర్జీ నేనే రాశాను. రాత పరీక్ష పాసై సర్టిఫికెట్ తెస్తే చూస్తామన్నారు. ఆయనకు సంతకమే రాదు. అక్షరం రానివాడికి సిలిండర్ ఇవ్వరట. అక్షరం రానివాడు శవాన్ని మాత్రం తీయొచ్చట! సరదాకు దిగేవాడి వీపున గంటసేపటి గాలి. పనికి దిగేవాడికి రొమ్ములో పట్టినంతే. దీన్ని ప్రమాదమంటారా? మళ్లీ మళ్లీ రాశాను. అర్జీలు రాయడం తప్ప ఏం చేశానని ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను.

ఆదివారం మునిగింది డిగ్రీ చదివే అమ్మాయి. చిన్నాయన రెండుసార్లు దిగి వట్టి చేతులతో వచ్చాడు. ఒడ్డునున్న చిన్నమ్మ, “ఇగ సాలు, రా” అని మొత్తుకుంది.

“గా తల్లిని సూడు. ఇంకొక్కపారి దిగొస్త.”

మూడోసారి దిగాడు. అడుగున పాత వలలో కాలు చిక్కింది. జాలర్లు ఇద్దరినీ కలిపే పైకి తెచ్చారు. ఆయన చెయ్యి ఆ పిల్ల చంక కిందే ఉంది.

ఎవరో వంగి చెప్పులు తీయబోతే చిన్నమ్మ ఆపింది. “ఉండనియ్యుర్రి. ఎల్లినంక ఎతుక్కుంటడు.”

ఇవాళ పొద్దున వెళ్లి చూశాను. చెప్పులు అక్కడే, ఊరి దిక్కే ఉన్నాయి. రాత్రి వాన పడ్డట్టుంది. అరిగిన మడమ గుంటల్లో నీళ్లు నిలిచాయి.