రంగెక్కని స్లైడు

మా డాక్టరమ్మ పోయారు. మంగళవారం పొద్దున్న లేబు తాళం తీస్తుంటే నర్సమ్మ వచ్చి చెప్పింది. నమ్మలేదు. ఊరందర్నీ ఏడిపించుకు తిన్నవాణ్ని కదా, ఇవాళ నా వంతు అనుకున్నాను.

"ఏటమ్మా, పొద్దున్నే ఎటకారమా?" అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీస్తున్న తాళం మళ్ళీ వేసేశాను.

మీలో చాలామందికి డాక్టరమ్మ తెలియరు. రోగి ఒంట్లోంచి కోసి తీసిన ముక్కని గాజు స్లైడు మీద పరిచి, జబ్బేదో చెప్పే డాక్టరు. నేను ఎనిమిది తప్పిన అటెండర్ని, చేపలోళ్ళ పిల్లాణ్ని.

రంగు వేశాక మైక్రోస్కోపులో తెల్లకణాలన్నీ ఒకేలా నీలంగా ఉంటాయి. ఏది ఏదో చెప్పడానికి యాంటీబాడీ అనే మందు ఆ రోజుల్లోనే కొత్తగా వచ్చింది. తను ఎరిగిన గుర్తు ఉన్న కణానికే అది అతుక్కుంటుంది. అతుక్కున్నచోట గోధుమరంగు తేలుతుంది.

"కణాలకీ కులాలేటండీ మేడంగారూ?"

"కులం కాదయ్యా, పని. ఎవరేం పని చేస్తారో చెబుతుంది. కులం నువ్వు మోసుకొచ్చావు."

ఓసారి వంజరం చేప కాలేయం ముక్కని స్లైడు చేసి, రోగి ముక్కేనని ఇచ్చాను. కళ్ళు ఎత్తకుండానే, "ఈ రోగిని ఏ వలలో పట్టావు? వండి తెస్తే మార్కులేసేదాన్ని" అన్నారు.

ప్రతి పరీక్షకీ పక్కన ఒక టాన్సిల్ ముక్క పెట్టేవారు. అందులో ఆ కణాలుంటాయని ముందే తెలుసు. "తెలిసినదాన్ని ముందు అడగాలి. అది నిజం చెబితేనే తెలియనిదాన్ని నమ్మాలి" అనేవారు.

ఒక వేసవిలో కరెంటు రెండ్రోజులు పోయి లేబు ఫ్రిజ్ ఆగిపోయింది. యాంటీబాడీ ఉన్నది నెలల తరబడి ఎదురుచూస్తే వచ్చిన వేలెడంత సీసా ఒక్కటే. "చల్లగా ఉంచు, గడ్డకట్టనివ్వకు" అని నాకప్పగించి, ఆవిడ తగరపువలసలో చెల్లెలి ఇంటికెళ్ళారు. నేను హార్బరు నుంచి ఐసు తెచ్చి ఫ్లాస్కులో పోసి, సీసా అందులో పెట్టాను. మావాళ్ళు చేపలకి చేసినట్టే రాళ్ళుప్పు కలిపాను, చల్లదనం నిలుస్తుందని. నిలిచింది. ఉప్పుకి ఐసు ఇంకా చల్లబడి సీసాలో మందు రాయైపోయింది. కరిగించి, ఫ్లాస్కు తుడిచి, నోరు మూసుకున్నాను.

మర్నాడు ఆవిడ తిరిగొచ్చారు, గోపాలపట్నం లారీ డ్రైవరు మెడగడ్డ పరీక్ష. స్లైడులో గోధుమ చుక్క లేదు. టాన్సిల్ ముక్కలోనూ లేదు. ఆవిడ లేచి ఫ్లాస్కు మూత తీసి లోపల చూసి, మళ్ళీ పెట్టేశారు.

"మందు చచ్చిపోయిందయ్యా. ఆ మనిషి గురించి మనకింకా ఏమీ తెలీదు."

టాన్సిల్ ముక్క లేకపోతే తప్పుడు రిపోర్టు వెళ్ళేది, నా ఉప్పు వల్ల. కొత్త సీసా వచ్చేదాకా అతని పెళ్ళాం మా వరండాలోనే కూర్చుంది.

మందెలా పాడైందని పెద్ద డాక్టరు అందరిముందూ కేకలేశాడు. "ఫ్రిజ్ సంగతి నేనే చూసుకోలేదండి" అన్నారావిడ. ఊరంతా వాగే నేను బల్ల తుడుస్తూ ఉండిపోయాను.

తర్వాత ఎన్నిసార్లో టీ గ్లాసు అందిస్తూ, "మేడంగారూ, నానొకటి సెప్పాలండీ..." అని మొదలెట్టాను. "మళ్ళీ ఏ చేపయ్యా?" అని నవ్వేవారు. ఆ నవ్వు చాటున దాక్కునేవాణ్ని. రేపు చెబుదాం అనుకునేవాణ్ని. ఏళ్ళు గడిచాయి, రేపులు అయిపోయాయి.

నిన్న ఆవిడ సొరుగు ఖాళీ చెయ్యమన్నారు. అడుగున గుడ్డలో చుట్టిన స్లైడు ఒకటి. ఆనాటి టాన్సిల్ ముక్కే. చివర అంటించిన కాగితం మీద ఆవిడ చేతిరాతలో ఒకటే మాట: ఉప్పు.

తెలిసే నవ్వేవారన్నమాట.

కిటికీ దగ్గరికెళ్ళి వెలుతురుకి పట్టాను. అంతా నీలమే, ఒక్క గోధుమ చుక్క లేదు. ఎండ ఆ నీలంలోంచి దిగి నా అరచేతిలో పడుతోంది.