గుమాస్తా ఎక్కని బస్సు

నా చిన్నప్పుడు హిందూపురంలో పుణ్యం ఊరికే దొరికేది, అదీ బస్సు ఛార్జీలతో సహా. మా అవ్వ పనిచేసే పట్టునూలు ఫ్యాక్టరీ సావుకారి ఏడాదికొకసారి పనివాళ్ళను బస్సెక్కించి ధర్మస్థల, ఉడుపి తిప్పుకొచ్చేవాడు. దారిలో పులిహోర, దిగాక భోజనం, అన్నీ ఆయన ఖర్చే. వీధంతా ఆయన్ను దేవుడనేది. అవ్వ ఒళ్ళో కూర్చుని ఊరికే తిరిగొచ్చేదాన్ని కాబట్టి నేనూ అనేదాన్ని. నేను చెప్పబోయే ఏడాది అందరికంటే గట్టిగా అన్నది మా పక్కింటి అక్క. ఆమె భర్త మంచం పట్టి ఉన్నాడు. యాత్ర కాగానే ఆమెనూ పనిలో పెట్టుకుంటానని సావుకారి మాటిచ్చాడు.

దేవుడనని మనిషి మా అవ్వ ఒక్కతే. పట్టుగూళ్ళను కాగే నీళ్ళలో వేసి, కంటికి కనిపించని దారం కొస వెతికి పట్టుకోవడం ఆమె పని. అలాంటి పని చేసేవాళ్ళకు దేన్నైనా చూడగానే నమ్మే అలవాటు ఉండదేమో. చింతపండు కొంటే గింజల కోసం పిసికి పిసికి చూసేది. నేను ముద్దుగా మాట్లాడితే, "ఏం పగలగొట్టినావే?" అనేది. చాలాసార్లు ఏదో ఒకటి పగిలే ఉండేది.

బస్సు బయలుదేరే ముందురోజు అవ్వకు అన్నం క్యారియరు ఇవ్వడానికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. గేటు దగ్గర గుమాస్తా పనివాళ్ళ ఇత్తడి టోకెన్లు వెనక్కి తీసుకుంటున్నాడు. రోజూ లోపలికి వచ్చేటప్పుడు చూపించాల్సిన బిళ్ళలవి. యాత్రలో పోగొట్టుకుంటారని చెప్పి ముందే తీసుకుని, తిరిగొచ్చాక వేరేవి ఇచ్చేవాడు. అవ్వ తన టోకెను కొంగున ముడేసుకుని ఆయన్ను ఎగాదిగా చూసింది. ఆ గుమాస్తా ఊళ్ళో ఏ గుళ్ళో ప్రసాదం పెట్టినా వరుసలో ముందు నిలబడే మనిషి. అంతటి భక్తుడు ఒక్క ఏడాది కూడా మా బస్సెక్కలేదు.

"ఏమప్పా, నాకు మోకాళ్ళు నొస్తాండాయి. నా సీట్లో నువ్వు పోయి రాపో," అంది అవ్వ.

"నేనా? నాకెందుకులే అవ్వా."

"అదేందప్పా, పుణ్యం నీకు చేదా?"

"నాకు అవసరం లేదవ్వా. నేను పర్మినెంటు గదా," అనేసి నాలుక కరుచుకున్నాడు.

అవ్వ అక్కడే చతికిలబడింది. దేవుడికీ పర్మినెంటుకీ ఏం సంబంధమో చెప్పేదాకా లేవనంది. వెనక వరుస గొడవ మొదలుపెట్టింది. చివరికి గుమాస్తా గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఏడాది పొడవునా తెగకుండా పనిచేసినవాళ్ళను ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి చట్టం ఒప్పుకోదట. అందుకని ఏడాది నిండకముందే ఈ యాత్ర. టోకెను వెనక్కి తీసుకుంటే కాగితాల మీద పని మానుకున్నట్టు, తిరిగొచ్చాక మరొకటి ఇస్తే ఆ రోజే చేరినట్టు. ఏళ్ళ తరబడి వేడినీళ్ళలో వేళ్ళు ఉడకబెట్టుకున్న మా అవ్వ, ప్రతి ఏడూ ఉడుపి నుంచి తిరిగొచ్చి కొత్తగా చేరుతోందన్నమాట.

మరుసటి రోజు బస్సు వెళ్ళిపోయింది. అవ్వ టోకెనూ ఇవ్వలేదు, బస్సూ ఎక్కలేదు. టోకెను చూపించి లోపలికి వెళ్ళి, ఎవరూ లేని షెడ్డులో తన తొట్టి ముందు కూర్చుంది. పులిహోర పోయిందని ఏడుస్తూ నేనూ పక్కనే కూర్చున్నాను. కాసేపటికి సావుకారి వచ్చాడు.

"ఏమవ్వా, నా మీద కోపమా?"

"కోపమేంది సామీ. టోకెను నా కాడే ఉండాది, పనికొచ్చినా. నా ఏడాది తెగకూడదు. గూళ్ళు ఇప్పించు."

ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువయ్యేది, దొంగ ఎవరో తేలిపోయేది. ఆయన ఎదురుగా గోనెసంచి మీద కూర్చున్నాడు.

"ధర్మవరంలో చీరలు కదలని నెలల్లో మన నూలు ఎవరూ ముట్టుకోరవ్వా. అప్పుడు గూడా అందరికీ జీతమియ్యాలంటే నేను యాడికి పోవాల? ఒకసారి పర్మినెంటు చేస్తే మళ్ళా తీసేకి లేదు. సరే, పాతోళ్ళను నిలుపుకుంటా. ఇంక కొత్తోళ్ళను మాత్రం ఒక్కర్ని గూడా తీసుకోను, ఇప్పుడే చెప్తాండా."

అవ్వ ఆయన ముఖాన్ని చింతపండు చూసినట్టే చూసింది. ఆ మాటల్లో నిజం పాలెంతో నటన పాలెంతో ఆమెకు అంతుపట్టలేదు. నాకు ఈ రోజుకీ పట్టలేదు.

మొత్తానికి అవ్వ పర్మినెంటయింది. నూలు కదలని నెలల్లో కూడా మా పొయ్యి వెలిగింది. నేను వీధంతా తిరిగి గొప్పలు చెప్పుకున్నాను. పక్కింట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒక సాయంత్రం అక్క మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"గేటు కాడికి పోయినానవ్వా. సావుకారి కండ్లబడలేదు. మనుషుల్ని తెచ్చిపెట్టే మేస్త్రీ ఒకడు ఉండాడంట, వాణ్ణి అడగమన్నారు. కూలి వాడే ఇస్తాడంట, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రావద్దంటాడంట. టోకెనే లేదంట. నీకేమో చట్టం వచ్చె, నాకు మేస్త్రీ వచ్చె. నేనేం తప్పు చేస్తి?"

ఎవరేమన్నా తడుముకోకుండా ఎదురు చెప్పే అవ్వ, నీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళను చూసుకుంది. "నీ తప్పు లేదు లేమ్మీ," అంది. "మరి ఎవరిదవ్వా?" అంటూ అక్క వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మేస్త్రీ మనుషుల్లో కలిసి అదే గేటు లోపలికి నడిచింది.

కొన్నాళ్ళకు నేను అయిదో తరగతితో బడికి సెలవిచ్చేశాను. బడి పెద్దగా బాధపడలేదు. పనికోసం అదే గేటుకు పోతే నాకూ మేస్త్రీయే దొరికాడు. చట్టం చెడ్డదని నేననను. అది లేకపోతే అవ్వ చచ్చేదాకా కొత్తగా చేరుతూనే ఉండేది. కానీ అది ఎవరిని కాపాడిందో చూసినప్పుడల్లా ఎవరి మొహాన గడియ పడిందోనని వెతకడం నాకు జబ్బులా అంటుకుంది.

మొన్న పెనుకొండ దగ్గర ఒక కంపెనీలో పర్మినెంటయ్యానని నా మనవరాలు స్వీట్లు తెచ్చింది. కాంట్రాక్టు పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్ళనెందుకు చేయలేదు అని అడిగాను.

"అవ్వా, నీకు సంతోషపడేకి రాదా?" అని విసుక్కుంది.

వస్తుంది. అందుకే ముందు స్వీటు తింటాను, తర్వాత ఆ మాట అడుగుతాను. స్వీటు ప్రతిసారీ దొరుకుతోంది. అక్క అడిగినదానికి మా అవ్వకు దొరకని జవాబు మాత్రం నాకూ ఇంకా దొరకలేదు.